గిటార్ కేసు రెక్సిన్ లేచిపోతే: విశాఖ తేమకు తట్టుకునేలా అతికించడం

హార్డ్ కేసు మీది రెక్సిన్ ఓ మూల లేవగానే చాలామంది చేసే మొదటి పని ఫెవిక్విక్ చుక్క వేసి వేలితో నొక్కడం. పది రోజుల్లో అదే మూల మళ్లీ లేస్తుంది. ఫెవిక్విక్ ఎండితే గాజులా పెళుసుబారుతుంది, రెక్సిన్ ఏమో వంగుతూ సాగుతూ ఉంటుంది. కేసు నాలుగుసార్లు తెరిచి మూసేసరికి ఆ పొర పగిలిపోతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఏమిటంటే, గట్టిపడిన ఆ పొరను గీకేదాకా తర్వాత వేసే ఏ గమ్మూ అక్కడ పట్టదు. మీ కేసుకు ఇప్పటికే ఈ వైద్యం జరిగి ఉంటే, గీకుడు దగ్గరే మొదలుపెట్టాలి.

విశాఖలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. లాసన్స్ బే, పెద వాల్తేరు, ఎం.వి.పి. కాలనీ, ఋషికొండ వైపు ఇళ్లలో సముద్రపు గాలి ఉప్పునూ తేమనూ కలిపి తెస్తుంది. రెక్సిన్ అంచు ఒక్క మిల్లీమీటరు లేచినా ఆ సందులోంచి ప్లైవుడ్ తేమ పీలుస్తుంది. చెక్క ఉబ్బుతుంది, పొడి రోజుల్లో మళ్లీ కుంచించుకుంటుంది, ఆ కదలికకు పక్కనున్న గమ్ కూడా వదిలేస్తుంది. అంగుళం లేచిన అంచు ఒక్క వానాకాలంలో అడుగు దాకా పాకేది అందుకే.

అసలు ఏ పొర ఊడింది?

కేసు గోడలో లోపలి నుంచి బయటికి వరసగా ముఖమల్ లాంటి ప్లష్ గుడ్డ, ఫోమ్, కొన్ని మిల్లీమీటర్ల ప్లైవుడ్, గమ్, చివర రెక్సిన్ ఉంటాయి. రెక్సిన్‌లో మళ్లీ రెండు పొరలు: వెనక నేత గుడ్డ, పైన పి.వి.సి. పూత. విదేశీ కేసుల గురించి చదివేటప్పుడు టోలెక్స్ అనే పేరు కనిపిస్తుంది. అదీ ఈ జాతిదే, కాకపోతే కాస్త మందం.

లేచిన చోట అంచును మెల్లగా ఇంకో సెంటీమీటరు ఎత్తి, లోపల వెలుతురు పడేలా పట్టుకుని చూడండి.

గుడ్డతో సహా రెక్సిన్ మొత్తం లేచి, చెక్క మీద పసుపుపచ్చ గమ్ పొడిపొడిగా రాలుతుంటే అది మామూలు ఊడుడు. గమ్ ముసలిదైపోయింది. పి.వి.సి.ని మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలాంటి ప్లాస్టిసైజర్ ఏళ్ల తరబడి మెల్లగా గమ్‌లోకి దిగుతుంది, గమ్ పట్టు వదిలేస్తుంది. మూసి ఉన్న కారు డిక్కీలో మే నెల ఎండకు ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ఈ రకం ఇంట్లోనే బాగవుతుంది.

గుడ్డకు చెక్క పీచు అంటుకుని వచ్చినా, ప్లైవుడ్ పొరలు పుస్తకం పేజీల్లా విచ్చుకున్నా, కేసు నీళ్లలో నానిందని అర్థం. ముందు చెక్క సంగతి చూడాలి, రెక్సిన్ తర్వాత. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ లాంటి తుపానులో తడిసి, పైపైన తుడిచి అటక ఎక్కించిన కేసులు ఇలాగే తయారవుతాయి.

గుడ్డ చెక్క మీదే ఉండి పైన ప్లాస్టిక్ పూత ఒక్కటే లేచిందంటే రెక్సిన్‌లోని రెండు పొరలే విడిపోయాయి. అంగుళం రెండంగుళాల మేర అయితే అతుకుతుంది. అంతకు మించితే పట్టీ వేయడమే నయం.

ఇక పైపూత చేప పొలుసుల్లా రాలిపోతుంటే అది పి.వి.సి. కాదు, పి.యు. (పాలీయురేథేన్) పూత ఉన్న రెక్సిన్. గాలిలోని తేమకే ఆ పూత రసాయనికంగా తెగిపోతుంది. సోఫాల మీదా ఆఫీసు కుర్చీల మీదా చూసేది ఇదే. దీన్ని ఏ గమ్మూ నిలబెట్టలేదు. అతికించిన పొలుసు పక్కన రేపు ఇంకోటి లేస్తుంది. డబ్బు గమ్ మీద పెట్టకుండా రెక్సిన్ మార్చేయండి.

పైకి బాగానే కనిపిస్తున్నా లోపల వదిలేసిన చోట్లు కొన్ని ఉంటాయి. గోటితో కేసంతా టకటక కొడుతూ పోతే, పట్టున్న చోట గట్టి శబ్దం, వదిలిన చోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్ల పలికిన చోటల్లా మాస్కింగ్ టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకోండి.

గమ్ డబ్బా మూత తీసేలోపు ఇంకొకటి తేల్చుకోవాలి. తేలికపాటి కేసులు, అంటే ఫోమ్ కేసుగా అమ్మేవాటిలో, గోడ చెక్కది కాకపోవచ్చు, థర్మోకోల్ కావచ్చు. దాని మీద రబ్బరు గమ్ వేస్తే అందులోని సాల్వెంటు, అంటే గమ్‌ను పలచగా ఉంచే ద్రావకం, థర్మోకోల్‌ను కరిగించి గుంట చేసేస్తుంది. లోపల తెల్లటి గింజల్లాంటి పదార్థం కనిపిస్తే తెల్ల ఫెవికాల్ తప్ప ఇంకేమీ వాడొద్దు.

గమ్, సామాను

రెండు రకాల గమ్ ఉంటే చాలు. లేచిన అంచులకూ మడతలకూ సింథటిక్ రబ్బరు గమ్, అంటే ఫెవికాల్ ఎస్.ఆర్. 998 లేదా అలాంటిదే. సోఫా పనివాళ్లు, సీట్లు కుట్టేవాళ్లు వాడేది ఇదే. ఒక కేసు అంచులకు 100 మి.లీ. డబ్బా మిగిలేంత. మధ్యలో వచ్చిన బుడగలకూ, విచ్చుకున్న ప్లైవుడ్‌కూ, పెద్ద పలక కొత్తగా కప్పడానికీ వడ్రంగులు వాడే తెల్ల ఫెవికాల్, ఎస్.హెచ్. రకం. తెల్లది చెక్కకూ గుడ్డకూ పడుతుంది, ప్లాస్టిక్‌కు పట్టదు. అందుకని ప్లాస్టిక్ పూత ఒక్కటే లేచిన చోట అది దండగ.

వీటితో పాటు అరంగుళం బ్రష్షు, పుట్టీ రాసే రేకు, 120 నంబరు గరుకు కాగితం, 5 మి.లీ. సిరంజి, లావుపాటి 18 నంబరు సూది, బటర్ పేపరు, మాస్కింగ్ టేపు, బట్టల క్లిప్పులో బైండర్ క్లిప్పులో ఓ డజను కావాలి. ఒత్తడానికి చిన్న రోలరు దొరికితే మంచిదే, లేకపోతే అప్పడాల కర్ర సరిపోతుంది. మూత ఉబ్బెత్తుగా ఉండే కేసుల మీద పుస్తకాల బరువు ఆనదు. దానికి రెండు మూడు కిలోల ఇసుక సంచి కావాలి, అదైతే వంపుకు తగ్గట్టు సర్దుకుంటుంది. బీచ్ ఇసుక తెచ్చుకోవద్దు. అందులోని ఉప్పు తేమను లాగుతూనే ఉంటుంది. ఇల్లు కట్టే చోట దొరికే ఏటి ఇసుకను ఎండబెట్టి మందపాటి కవర్లో పోసుకోండి.

హార్డ్‌వేర్ సామాను పూర్ణా మార్కెట్ వైపు దొరుకుతుంది. పట్టీలకు పాత రెక్సిన్‌తో రంగూ గ్రెయినూ (పైన తోలులా కనిపించే గీతలు) కలవాలంటే ఆటో సీట్లు కుట్టేవాళ్ల దగ్గర కత్తిరింపు ముక్కలు అడగండి, చాలాసార్లు ఊరికే ఇచ్చేస్తారు. కేసు ఫోటో కాకుండా కేసునే తీసుకెళ్లండి. నల్ల రెక్సిన్‌లలో ఎన్ని నలుపులు ఉంటాయో దుకాణంలో పక్కపక్కన పెడితే గానీ తెలియదు.

ఆరబెట్టడం

పని చెడేది ఎక్కువగా ఇక్కడే. గిటారు బయటికి తీసి, కేసును పుస్తకంలా తెరిచి, ఫ్యాను కింద నిలబెట్టండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా రెండు రోజులు చాలు. జూన్ నుంచి నవంబరు దాకా నాలుగైదు రోజులైనా పడుతుంది, ఏసీ గదిలో డ్రై మోడ్‌లో పెడితే త్వరగా తెమిలిపోతుంది. అత్యవసరం కాకపోతే వానాకాలంలో లేచిన చోట మాస్కింగ్ టేపుతో బిగించి ఉంచి, అసలు పని డిసెంబరుకు వాయిదా వేయడం తెలివైన పని. మండుటెండలో మాత్రం పెట్టొద్దు. రెక్సిన్ ముడుచుకుంటుంది, ప్లైవుడ్ ఒంకర తిరుగుతుంది.

బూజు పట్టి ఉంటే సర్జికల్ స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, ఇంకో రోజు ఆరనివ్వండి. థిన్నరు, అసిటోన్ రెక్సిన్ దగ్గరికే తేవద్దు, పి.వి.సి. మెత్తబడి జిగటగా అయిపోతుంది.

లేచిన అంచు అతికించడం

పట్టు ఉన్న చోటికి చేరేదాకా అంచును విప్పండి. సగం వదిలిన దాన్ని అలాగే ఉంచి దాని పక్కన అతికిస్తే రేపు అక్కడ బుడగ వస్తుంది. రెక్సిన్ బిరుసుగా ఉంటే హెయిర్ డ్రైయర్ తక్కువ వేడిలో ఒక జానెడు దూరం నుంచి అర నిమిషం ఆడిస్తే మెత్తబడుతుంది. చేత్తో తాకితే వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. వేడి ఎక్కువైతే గ్రెయిన్ చెరిగిపోయి ఆ చోటు నిగనిగలాడుతుంది, దాన్ని మళ్లీ తెప్పించలేం.

చెక్క మీది పాత గమ్‌ను రేకుతో గీకి, గరుకు కాగితం రెండు మూడు సార్లు ఆడించి, దుమ్ము తుడవండి. గుడ్డ వైపు గరుకు కాగితం వద్దు, నేత చిరుగుతుంది. పాత గమ్ ఉండలను వేళ్లతో నులిమి తీయడమే.

రబ్బరు గమ్ రెండు వైపులా పూయాలి. చెక్క మొదటి పూతను పీల్చేసుకుంటుంది కాబట్టి అది ఆరాక చెక్కకు రెండో పూత, గుడ్డకు ఒక్కటే పలచటి పూత. తర్వాత ఆగాలి. పదీ పదిహేను నిమిషాలు అని డబ్బా మీద ఉన్నా, తేమ రోజున ఇరవై, పాతిక పడుతుంది. వేలి వెనక వైపుతో తాకి చూడండి: జిగటగా తగలాలి, కానీ వేలితో పాటు దారంలా సాగి రాకూడదు. దారం సాగుతుండగానే అతికిస్తే సాల్వెంటు లోపలే ఇరుక్కుపోయి, రెండు రోజుల్లో బుడగై పైకొస్తుంది. ఇంట్లో ఈ పని చెడగొట్టుకునే వాళ్లలో ఎక్కువమంది ఈ పది నిమిషాలు ఓపిక పట్టనివాళ్లే.

మన ఊళ్లో ఇంకో చిక్కుంది. గమ్‌లోని సాల్వెంటు ఆవిరయ్యేటప్పుడు ఆ పొర చల్లబడుతుంది. గాలిలో తేమ దండిగా ఉంటే చల్లటి సీసా మీద చెమర్చినట్టు గమ్ మీద సన్నటి నీటి పొర పట్టి తెల్లగా మసకబారుతుంది. ఆ మసక ఉండగా అతికిస్తే అప్పటికి పట్టినట్టే ఉంటుంది, నెల తర్వాత చక్కగా ఒలుచుకుని వచ్చేస్తుంది. మసక కనిపిస్తే ఫ్యాను గాలికి అది పూర్తిగా పోయేదాకా ఆగండి, పోయాక ఇంకో పలచటి పూత వేయండి. ఎండ బాగా ఎక్కాక, పొద్దున పది పదకొండు మధ్య మొదలుపెడితే ఈ బాధ తక్కువ. తెల్లవారుజామున, రాత్రిపూట అసలు వద్దు.

గమ్ పచ్చిగా ఉండగా హెయిర్ డ్రైయర్ దగ్గరికి తేకండి. దాని లోపలి తీగ కాగి ఉంటుంది, గమ్ ఆవిరి భగ్గుమనే రకం. గ్యాస్ స్టవ్వూ దేవుడి దగ్గర దీపమూ ఉన్న గదుల్లోనూ ఈ పని పెట్టుకోవద్దు. కిటికీలు తెరిచి ఉంచండి.

ఈ గమ్ రెండు పూతలూ ఒకదానికొకటి తగిలితే ఇక జరపలేం. అందుకని మధ్యలో బటర్ పేపరు పెట్టి, రెక్సిన్ దాని మీద సరిగ్గా పరుచుకుని, పట్టున్న వైపు నుంచి అంచు వైపు ఒక్కో అంగుళం కాగితం లాగుతూ అప్పడాల కర్రతో ఒత్తుకుంటూ రండి. అంచు నుంచి లోపలికి ఒత్తితే గాలి మధ్యలో చిక్కుకుంటుంది. ఇక్కడ పని చేసేది ఒత్తిడే. గంటల తరబడి బరువు పెట్టడం కన్నా, గట్టిగా నాలుగుసార్లు రుద్దడం మేలు. మడత లోపలి అంచుల మీద మాత్రం బైండర్ క్లిప్పులు ఒక రాత్రి ఉంచండి, క్లిప్పు కింద అట్టముక్క పెడితే రెక్సిన్ మీద గాటు పడదు. కేసును మోయడం ఒక రోజు తర్వాత, గిటారు తిరిగి లోపల పెట్టడం వాసన పూర్తిగా పోయాక. మూడు నాలుగు రోజులు పట్టవచ్చు. నైట్రోసెల్యులోజ్ పాలిష్ ఉన్న పాత గిటార్లయితే ఇంకో వారం ఆగినా నష్టం లేదు, ఆ పాలిష్‌కు సాల్వెంటు ఆవిరి పడదు.

ట్వీడ్ గుడ్డ కప్పిన లేత రంగు కేసుల మీద రబ్బరు గమ్ పసుపు మరకలై పైకి ఊరుతుంది. వాటికి తెల్ల ఫెవికాలే వాడాలి, అదీ పలచగా.

మధ్యలో బుడగ

సిరంజిలో రబ్బరు గమ్ ఎక్కించాలని చూడొద్దు, సూదిలోనే ఆరిపోతుంది. ఒకవేళ దూరినా, మూసుకున్న రెక్సిన్ కింద దాని సాల్వెంటుకు బయటికి పోయే దారి ఉండదు. పది పాళ్ల తెల్ల ఫెవికాల్‌కు ఒక పాలు నీళ్లు కలిపి పలచన చేయండి. గ్రెయిన్ గీతలో దాగేలా సూదిని ఏటవాలుగా దించి బుడగ రెండు చివర్లా రెండు రంధ్రాలు పెట్టండి, ఒకటి గమ్‌కు, రెండోది గాలి పోవడానికి. అరచేయంత బుడగకు రెండు మూడు మి.లీ. చాలు. ఎక్కువ పోస్తే అది ఆరదు, పైగా ప్లైవుడ్ నానుతుంది. కర్రతో గమ్‌ను లోపల సర్ది, మిగిలింది రంధ్రం వైపు నెట్టి తడిగుడ్డతో వెంటనే తుడిచి, పైన బటర్ పేపరు, దాని మీద ఇసుక సంచి పెట్టి ఒక రోజు వదిలేయండి.

ప్లైవుడ్ పొరలు విచ్చుకుని ఉంటే ఇదే గమ్ నీళ్లు కలపకుండా పొరల మధ్య సిరంజితో ఎక్కించి, రెండు వైపులా బటర్ పేపరు, చెక్కముక్కలు పెట్టి బిగించాలి. ఒక రాత్రి ఆగాకే పైన రెక్సిన్ పని.

ముడుచుకుపోయిన రెక్సిన్

పాత పి.వి.సి. కుంచించుకుని, అంచు దగ్గర రెండు నుంచి నాలుగు మి.మీ. చెక్క బయటపడుతుంది. వేడి చేసి లాగి అతికిస్తే ఆ పూటకు మూసుకుంటుంది, కానీ రబ్బరు గమ్ ఎడతెగని లాగుడుకు మెల్లగా జారుతుంది, వేసవికి మళ్లీ అదే సందు. ఒక మి.మీ. మించిన సందును లాగి మూయకండి. ఉన్న చోటే రెక్సిన్‌ను అతికించి, బయటపడ్డ చెక్కకు పలచటి తెల్ల ఫెవికాల్ ఒక పూత వేసి, ఆరాక నల్ల అక్రిలిక్ రంగు పూయండి. రెండడుగుల దూరం నుంచి కనిపించదు, తేమా అంత సులువుగా దూరదు. మూలల్లో అయితే ట్రంకు పెట్టెలకు, స్పీకర్ బాక్సులకు వాడే మూల రేకులు బిగించవచ్చు. అవి అందంగా ఉండవని కొందరంటారు గానీ, కేసు ముందుగా దెబ్బతినేది మూలల్లోనే.

ఒక పలక మొత్తం మార్చాలంటే సీటు రెక్సిన్ వెడల్పు మామూలుగా 54 అంగుళాలు, అంటే 137 సెం.మీ. అకౌస్టిక్ కేసు పొడవు దాదాపు 105 సెం.మీ. కాబట్టి ఆ పొడవు రోల్ వెడల్పు వెంబడి వచ్చేలా పెట్టి, చుట్టూ మడతకు మూడేసి సెం.మీ. వదిలితే, మీటరుంబావులో పైమూత, అడుగు రెండూ వస్తాయి. రెండు ముక్కల గ్రెయినూ ఒకే దిక్కులో ఉండేలా గీసుకోండి. పెద్ద పలకకు తెల్ల ఫెవికాలే వాడండి, అతికించాక పది నిమిషాల దాకా జరిపి సరిచేసుకోవచ్చు. వంపుల దగ్గర మడతలో ప్రతి రెండు సెం.మీ.కు ఒక వి ఆకారపు గాటు పెట్టాలి. గాటు కొన చెక్క అంచుకు మూడు మి.మీ. దూరంలోనే ఆగాలి, అంచు దాకా కోస్తే చీలిక పైకి కనిపిస్తుంది.

అంచుల్లో దారం కుట్టు ఊడితే మిషన్ మీద పెట్టొద్దు, కొత్త రంధ్రాలు పడి అంచు చిల్లుల పట్టీలా చిరుగుతుంది. చెప్పులు కుట్టేవారి దగ్గర మైనం పట్టిన నైలాన్ దారంతో, పాత రంధ్రాల్లోంచే రెండు సూదులతో చేతికుట్టు వేయించండి.

లాచ్‌లు, రివిట్లు

రెక్సిన్ లాచ్ (కేసు మూత బిగించే గొళ్లెం) కిందికి పోతుంటే ఆ లాచ్‌ను విప్పక తప్పదు. రివిట్ తలను 3.2 మి.మీ. డ్రిల్ బిట్‌తో తొలిచి తీసి, పని అయ్యాక అదే సైజు పాప్ రివిట్ వేయండి, లోపలి వైపు వాషరు తప్పకుండా పెట్టి. వాషరు లేకపోతే రివిట్ మెత్తటి ప్లైవుడ్‌లోకి దిగబడి నెలలోనే వదులవుతుంది. మామూలు అల్యూమినియం రివిట్ మధ్యలో మిగిలే ఇనుప మేకు ముక్క ఇక్కడి గాలికి తుప్పుపట్టి రెక్సిన్ మీదికి ఎర్రటి చార దించుతుంది. ఖర్చు కాస్త ఎక్కువైనా పూర్తి స్టెయిన్‌లెస్‌వి కొనండి, లేదా ఎం3 (3 మి.మీ.) స్టెయిన్‌లెస్ బోల్టులకు నైలాక్ నట్లు, అంటే లోపల నైలాన్ రింగు ఉండి వదులుకానివి, వేయండి.

బాగయ్యాక కేసును బయటి గోడకు ఆనించి గానీ, నేల మీద గానీ ఉంచకండి. అడుగున రెండంగుళాల చెక్కలు వేస్తే గాలి ఆడుతుంది. లోపల 50 గ్రాముల సిలికా జెల్ సంచులు రెండు వేసి, గింజల రంగు మారినప్పుడల్లా మళ్లీ ఆరబెట్టుకోండి. కలరా ఉండలు మాత్రం వద్దు, వాటి ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది. బీచ్ రోడ్డులో కచేరీ చేసి వచ్చిన రాత్రి లాచ్‌లనూ అంచులనూ తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవండి. లాచ్ బిగుసుకుంటే కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేస్తే చాలు. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వేస్తే నెల తిరిగేసరికి దుమ్ము పట్టి జిడ్డు ముద్దవుతుంది.